ఎనభై తొమ్మిదో గంటు

వల్దీవియా
12 ఏప్రిల్ 1986

అత్తా,

బతికే ఉన్నాను, తింటూనే ఉన్నాను, ఇక్కడ కూడా వాన పడుతూనే ఉంది. నువ్వు అడగబోయే మూడు ప్రశ్నలకీ జవాబులు ఇచ్చేశాను కాబట్టి ఇక మిగతా కాగితమంతా నాది.

నువ్వు పంపిన మిల్కావ్ రొట్టెలు అందాయి. "మీ దీవిలో బంగాళాదుంప తప్ప ఇంకేమీ పండదా?" అని హాస్టల్ అమ్మాయిలు వెక్కిరిస్తూనే మూడేసి లాగించారు. నాకు దక్కింది ఒక్కటి.

నీ మీద కోపం మాత్రం తగ్గలేదు. నాన్న పడవ మునిగి ఐదు నెలలు కాకుండానే నా పెట్టె సర్ది పంపించేశావు. ఊళ్ళోనే ఉండి బడిలో పిల్లలకి అక్షరాలు చెప్పుకుంటానని ఎంత బతిమాలాను! "ఎంత దూరం పోతే అంత మంచిది" అన్నావు. కన్నతల్లి లేని పిల్లని పెంచిన మనిషివి, ఆ మాట ఎలా అన్నావో నాకింకా అర్థం కాలేదు.

సరే, చదువు సంగతి. మాకు రసాయనశాస్త్రం చెప్పే ఒయార్సో మేడమ్ ఈ వారం మోల్ లెక్కలు మొదలుపెట్టింది. గుడ్లని డజన్లలో లెక్కపెట్టినట్టు అణువుల్ని మోళ్ళలో లెక్కపెడతారు. పద్దెనిమిది గ్రాముల నీళ్ళు ఒక మోల్. అందులో ఉండే అణువులు ఆరు పక్కన ఇరవై మూడు సున్నాలు. దాన్ని అవొగాద్రో సంఖ్య అంటారు. ఒక గ్లాసు ద్రాక్షసారాలో సగం తాగి, మళ్ళీ నీళ్ళతో నింపి, మళ్ళీ సగం తాగి, ఇలా ఎన్నిసార్లు చేస్తే సారా అణువు ఒక్కటీ మిగలదో లెక్కకట్టమంది. నాకు వెంటనే మన గుడిలో దీవెన నీళ్ళ జాడీ గుర్తొచ్చింది. సగానికి తగ్గగానే నువ్వు ఊట నీళ్ళతో నింపుతావు కదా? ఆ జాడీ ఎన్ని లీటర్లు, ఇప్పటికి ఎన్నిసార్లు నింపారో రాయి. ఫాదర్ ఆన్సెల్మో దీవించిన నీళ్ళు ఇంకా ఎన్ని చుక్కలు ఉన్నాయో నీకు చెప్తాను.

నీ మీద అలిగిన
నెల్దా


లింకాయ్ దీవి
27 ఏప్రిల్

చిట్టితల్లి నెల్దాకి,

నీ ఉత్తరం బల్దొవీనో శనివారం పడవలో తెచ్చాడు. తడవకుండా టోపీలో పెట్టుకొచ్చాడట. ఆ టోపీ వాసనంతా కాగితానికి పట్టింది. పొయ్యి మీద ఆరబెట్టుకుని చదివాను.

ఆ అబొగాదో ఎవడే? మనకి అబొగాదో అంటే వకీలేగా? లెక్కలు వకీళ్ళకెందుకు? ఇరవై మూడు సున్నాలు వాడు ఒక్కొక్కటే లెక్కపెట్టాడా? మా నాన్న పొలం దావాలో వకీలు రెండు సున్నాలు లెక్కపెట్టలేక గట్టు పోగొట్టాడు. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు.

కానీ నువ్వు అడిగిన సంగతి నవ్వులాట కాదు. నిజంగా లెక్క తేలుతుందా? తేలితే కట్టు. జాడీ పద్దెనిమిది లీటర్లు. పెద్ద ముంతతో కొలిచి చూశాను. ఫాదర్ ఆన్సెల్మో దీవించింది అరవై మూడు ఆగస్టులో. గుప్పెడు ఉప్పు వేసి, మోకాళ్ళ మీద గంటసేపు ప్రార్థించి దీవించాడు. ఇప్పుడు ఏడాదికోసారి వచ్చే కుర్ర ఫాదర్‌కి మోటారు పడవ ఆగేలోపే పెళ్ళిళ్ళూ బారసాలలూ అన్నీ అయిపోవాలి. ఆయన దీవెన జలుబుక్కూడా పనిచెయ్యదు. అందుకే పాత నీళ్ళే కాపాడుకుంటున్నాం. పాతవి సగం ఉండగా కొత్తవి పోస్తే కొత్తవీ దీవెన నీళ్ళే అవుతాయని ఫాదరే చెప్పాడు. జాడీ లోపల సగం దగ్గర గీత ఉంది. నీళ్ళు గీతకి తగలగానే నింపుతాం, నింపినప్పుడల్లా తలుపు చెక్క మీద గంటు పెడతాం. గుడి తాళం మొదట మా నాన్నది, తర్వాత మీ నాన్నది, ఇప్పుడు నాది. ముగ్గురి గంట్లూ వేలు పెట్టి లెక్కపెట్టాను. ఎనభై ఆరు.

ఇంకా ఎన్నిసార్లకి సరిపోతాయో చెప్పు. ఆ నీళ్ళు అయిపోకూడదు. శుక్రవారం శుక్రవారం మధ్యాహ్నం మన గడపలో చల్లుతున్నాను. అది ఆగితే బయట ఉన్నది లోపలికొస్తుంది. ఎందుకు, ఎవరు అని అడక్కు.

బంగాళాదుంపలు తవ్వడం అయింది. పంది బలిసింది. ఉన్ని మేజోళ్ళు వేసుకుంటున్నావా?

అత్త ఎదువీనా


వల్దీవియా
9 మే

అత్తా,

అవొగాద్రో వకీలు కూడా చదివాడట! మేడమ్‌ని అడిగితే చెప్పింది. నువ్వు గెలిచావు. క్లాసంతా గొల్లుమంది. నాకు మాత్రం నీ ముందు తలకొట్టేసినట్టయింది.

ఇక లెక్క. పద్దెనిమిది లీటర్లంటే వెయ్యి మోళ్ళు. అంటే అణువులు ఆరు పక్కన ఇరవై ఆరు సున్నాలు. ప్రతిసారీ సగం చేసుకుంటూ పోయాను. పెన్సిలు అరిగింది, రెండు కాగితాలు నిండాయి. ఎనభై తొమ్మిదోసారి నింపాక ఫాదర్ ఆన్సెల్మో చూసిన నీళ్ళలో ఒక్క అణువు కూడా జాడీలో మిగలదు. నీ గంట్లు ఎనభై ఆరు. ఇంకా మూడు. ఆ తర్వాత అది ఊట నీళ్ళే, అందులో బీన్స్ ఉడకేసుకోవచ్చు!

బయట ఉన్నది ఎవరు? నక్కా? పక్కింటి ఎర్మెలిందా వాళ్ళ పోట్లమేకా? అడక్కు అంటే మరింత అడగబుద్ధవుతుంది. నువ్వు ఇలా భయపడుతూ రాయడం నేనెప్పుడూ చూడలేదు.

ఇంకో మాట. ఆయన గుప్పెడు ఉప్పు వేశాడన్నావు కదా. ఉప్పు ఎంత ఉందో కనిపెట్టడం ఈ నెలలో మాకు నేర్పుతారు. వెండి కలిసిన మందు చుక్కచుక్కగా వేస్తే ఎంత ఉప్పుంటే అంత తెల్లగా విరుగుతుంది. ఒక సీసా నీళ్ళు పంపు, పరీక్ష చేస్తాను. ఉప్పు అసలు ఉండకూడదు. ఇన్నిసార్లు సగం అయ్యాక ఎక్కడుంటుంది?

జులైలో మూడు వారాల సెలవులు. వస్తాను. పందిని నేనొచ్చేదాకా కొయ్యకండి.

నెల్దా


లింకాయ్
25 మే

నెల్దా,

సీసా బల్దొవీనో చేతికిచ్చాను. దారిలో తాగితే కడుపులో పాము పుడుతుందని చెప్పాను. నమ్మాడో లేదో గాని సీసాని చంకలో కాకుండా దూరంగా పట్టుకుని వెళ్ళాడు.

ఎనభై ఏడో గంటు పెట్టాను. అనుకున్నదానికన్నా తొందరగా అయ్యాయి, ఎందుకంటే ఇప్పుడు రోజూ చల్లుతున్నాను. నక్కా మేకా అని నవ్వుతున్నావు. చెప్తాను, విను. పోయిన అక్టోబరు నుంచీ మధ్యాహ్నం పూట, సముద్రం వెనక్కి తగ్గి బురద బయటపడ్డప్పుడు, ఊరంతా తిని కునుకు తీసేవేళ ఒక మనిషి నీళ్ళ అంచున నిలబడేవాడు. మొదట్లో నాచు ఏరుకునేవాడనుకున్నాను. గంప లేదు, వంగడు. మన ఇంటివైపు చూస్తూ నిలబడతాడు. శుక్రవారం చల్లితే మళ్ళీ శుక్రవారం దాకా అక్కడే ఉండేవాడు. నీ లెక్క వచ్చిన మర్నాడు కంచె దగ్గరికి వచ్చాడు. కంచె దాకా బురదలో బూటు అడుగులున్నాయి. వచ్చిన అడుగులే, పోయిన అడుగులు లేవు.

ఎర్మెలిందాకి చూపించాను. "నాకేం కనపడలేదమ్మా, నీ కళ్ళకి పొర వస్తోంది, పట్నం వెళ్ళి చూపించుకో" అంది. ఆవిడ కుక్క మాత్రం ఆ రోజు నుంచీ మా వైపు రావడం మానేసింది.

జులైలో రావద్దు. నడి చలికాలం, పడవలు సరిగ్గా నడవవు. అక్కడే ఉండి చదువుకో. నీకు పంది మాంసం పొగబెట్టి పంపిస్తాను.

అత్త


వల్దీవియా
10 జూన్

అత్తా,

సీసా అందింది. పరీక్ష చేశాను.

వంద మిల్లీలీటర్లు కొలిచి, చుక్కచుక్కగా మందు వేశాను. ఐదున్నర మిల్లీలీటర్ల దగ్గర రంగు మారింది. లెక్క కట్టితే లీటరుకి అర మోల్ దాటి ఉప్పు తేలింది. అంటే లీటరుకి ముప్ఫై రెండు గ్రాములు! ఉప్పే ఉండకూడదనుకున్నదాంట్లో అంత ఉప్పు. పుస్తకం వెనక పట్టికలో వెతికాను. అలాంటి నీళ్ళు భూమి మీద ఒక్కచోటే ఉంటాయి, సముద్రంలో. మీ జాడీలో ఉన్నది సముద్రం, అత్తా.

నువ్వు పొరపాటున రేవు దగ్గర ముంచి పోశావా? కళ్ళ పొర అని ఎర్మెలిందా అంటోంది కదా. కోప్పడకు, అడుగుతున్నానంతే. ఒకసారి నాలుక మీద వేసుకుని చూడు. మాకు ఇక్కడ ఏదీ నోట్లో పెట్టుకోకూడదని నియమం. పెట్టుకుంటే మేడమ్ చెయ్యి విరగ్గొడుతుంది.

రెండోది. కంచె దగ్గర నిలబడే మనిషికి పసుపుపచ్చ రెయిన్‌కోటు ఉందా? నిజం చెప్పు. బురదలో బూట్ల అడుగులు అన్నావు. ఎడమ బూటు మడమ అరిగి ఉందా? పడవలో మిగతా ఇద్దరి శవాలూ దొరికాయి, నాన్నది దొరకలేదు. నాన్నే అయితే ఎనిమిది నెలల నుంచీ గుమ్మం దగ్గర నీళ్ళు చల్లి తోలేస్తున్నావా? సొంత తమ్ముణ్ణి! గుడి తాళం మోసిన మనిషిని! నాకు చెప్పకుండా!

జవాబు రాయి. త్వరగా.

నెల్దా


లింకాయ్
27 జూన్

నెల్దా,

మూడు రోజుల నుంచి కాగితం ముందేసుకు కూర్చుంటున్నాను. పొయ్యిలో కట్టెలు తడిసి ఏడుస్తున్నాయి, నేనూ అంతే.

నీ ఉత్తరం చదివి గుడికి వెళ్ళాను. జాడీ మూత తీసి వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు. గొంతు మండేటంత ఉప్పు. నేను ఊట దగ్గర ముంచి పోశాను, రేవు దగ్గర కాదు. నా కళ్ళకి పొర వచ్చినా కాళ్ళకి దారి తెలుసు.

అవును, మీ నాన్నే. నా తమ్ముడు రొసామెలే. పసుపు కోటు, అరిగిన మడమ. మొదటి రోజునుంచీ నాకు తెలుసు. నోరు తెరిచి ఒక్కటే మాట అంటాడు, నీ పేరు. అందుకే చెప్పలేదు. మునిగి ఒళ్ళు దొరకని మనిషి ఒంటరిగా పోడు. తనకి బాగా ఇష్టమైనవాళ్ళని వెంట తీసుకుపోతాడు. మా మేనమామ వచ్చి తొమ్మిదో రోజున ఆయన పెళ్ళాన్ని తీసుకుపోయాడు. ఆవిడ చెప్పులు నీటి అంచున నేనే చూశాను, అప్పటికి నాకు ఏడేళ్ళు. ఎంత దూరం పోతే అంత మంచిదని నిన్ను అందుకే తోలేశాను తల్లీ. ఆ మాట నీకు గుచ్చుకుంది. నాకూ గుచ్చుకుంది. గడపలో చల్లింది నా కోసమనుకున్నావా? నన్నెవరు తీసుకుపోతారు, ఈ నడుంనొప్పి ముసలిదాన్ని?

ఎనభై ఎనిమిదీ, ఎనభై తొమ్మిదీ ఒకే వారంలో పెట్టాను. నీ లెక్క తప్పలేదు. ఎనభై తొమ్మిదో గంటు పెట్టిన రోజు మధ్యాహ్నం వాడు గడప దగ్గరున్నాడు. నేను చల్లాను. "ఇవి మా నీళ్ళేగా అక్కా" అని తొక్కుకుంటూ లోపలికొచ్చాడు.

పొయ్యి పక్కన తన పీట మీదే కూర్చున్నాడు. రెండు గంటలు కూర్చున్నా బట్టలు ఆరలేదు, ఆవిరి కూడా రాలేదు. మాతే టీ కలిపిచ్చాను, పట్టుకున్నాడు గాని తాగలేదు. "నెల్దా ఏదీ?" అన్నాడు. చదువుకుంటోందన్నాను. మొహం వెలిగింది. "ఏం చదువు?" అన్నాడు. లెక్కలన్నాను. "ఏ పడవకొస్తుంది?" అన్నాడు. చెప్పలేదు. రోజూ వస్తున్నాడు, రోజూ అదే అడుగుతున్నాడు.

నువ్వు రాకు. నా మీద ఒట్టు.

అత్త


వల్దీవియా
2 జులై

అత్తా,

నీ ఉత్తరం పట్టుకుని మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. భయంతో కాదు. నాన్న మొహం వెలిగిందని రాశావే, ఆ మాటకి.

ఆ పొద్దున వలలు సర్దుతూ నన్ను పిలిచాడు. నేను దుప్పటి తీయలేదు. చలిగా ఉంది నాన్నా, వచ్చాక మాట్లాడుకుందాం అన్నాను. అదే ఆఖరి మాట. ఎనిమిది నెలల నుంచీ ఆ దుప్పటి నా మీద అలాగే ఉంది. నా కోసం అడుగుతూ వచ్చి మన పీట మీద కూర్చుంటే, నేను ఇక్కడ మోళ్ళు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలా?

ఒట్లు నాకు పట్టవు. నాకు భయం లేదు. పంతొమ్మిదో తారీకు శనివారం పడవకి వస్తున్నాను. టికెట్ కూడా కొనేశాను. అడిగితే ఆ పడవ పేరు చెప్పు నాన్నకి.

నెల్దా


లింకాయ్
8 జులై

నెల్దా బంగారానికి,

నీ మొండితనం ఎక్కడిదో నాకు తెలుసు, మీ నాన్నది. కోప్పడటం లేదు. నేనైనా వచ్చేదాన్ని.

నిన్న వాడితో కూర్చుని మాట్లాడాను. "ఎవరో ఒకరు రావాలా?" అన్నాను. "రావాలక్కా, అక్కడ చాలా చీకటి" అన్నాడు. "నేనొస్తాలే" అన్నాను. నవ్వాడు. ఎన్నాళ్ళకి విన్నానో ఆ నవ్వు! "నువ్వా? పడవెక్కితేనే వాంతులు కదా నీకు!" అన్నాడు. పడవెందుకు, నడిచే వస్తానన్నాను. వాడి కింద నీళ్ళు మడుగు కట్టాయి. చివరికి సరేనన్నాడు. నిన్ను అడగనని మాటిచ్చాడు. చిన్నప్పుడు ఇచ్చిన మాట తప్పేవాడు కాదు.

శుక్రవారం పదకొండున, మధ్యాహ్నం సముద్రం తగ్గినప్పుడు వెళ్తాం. నాకు భయంగానే ఉంది, అబద్ధమెందుకు. కానీ నిన్ను పెంచింది చేపలకి వెయ్యడానికి కాదు. నువ్వు నా కడుపున పుట్టలేదన్న సంగతి నాకు ఎప్పుడూ గుర్తుండదు.

పందిని ఎర్మెలిందా కోస్తుంది, సగం మాంసం నీది. దుంపల విత్తనం అటక మీద ఎడమ పక్క సంచిలో ఉంది. గుడి తాళం ఆవిడకే ఇస్తున్నాను. ఈ ఉత్తరం కూడా ఆవిడే శనివారం పడవకి అందిస్తుంది. నువ్వు వచ్చినా ఇక ఫరవాలేదు. కానీ నీ చదువు పూర్తి చెయ్యి. నీ లెక్కలు మంచివి. అవి లేకపోతే నీళ్ళు పనిచేస్తున్నాయనే నమ్ముకుని కూర్చునేదాన్ని, వాడు నీ పడవకి ఎదురెళ్ళేవాడు.

నీ అత్త
ఎదువీనా


వల్దీవియా
9 జులై

అత్తా, అత్తా,

ఈ ఉత్తరం అందగానే ముందు కూర్చో. తర్వాత నన్ను తిట్టు, ఎంత కావాలంటే అంత.

ఇవాళ ఒయార్సో మేడమ్ మా లెక్కల పుస్తకాలు తిరిగి ఇచ్చింది. నా పేజీ నిండా ఎర్ర సిరా. "నీ సీసాలో పసిఫిక్ మహాసముద్రం ఎలా పట్టిందమ్మా?" అని అందరి ముందూ అడిగింది. నేను వేసిన మందు ఐదున్నర మిల్లీలీటర్లు. దాన్ని లీటర్లలోకి మార్చకుండానే గుణించేశాను. వెయ్యితో భాగించడం మరిచిపోయాను, అత్తా! లీటరుకి ముప్ఫై రెండు గ్రాములు కాదు, ముప్ఫై రెండు మిల్లీగ్రాములు. చిటికెడులో చిటికెడు. ఏ దీవిలో ఏ ఊటలోనైనా అంత ఉంటుందట. మీ జాడీలో ఉన్నవి మంచి నీళ్ళు. సీసాలో మిగిలింది మేడమ్ చూడకుండా తాగాను కూడా. తియ్యగా ఉన్నాయి, మన ఊట రుచే.

మరి నీ నాలుకకి ఉప్పెలా తగిలిందో నాకు తెలీదు. నా ఉత్తరం చదువుతూ ఏడ్చి ఉంటావు, ఆ తడి వేలితో ముట్టుకుని ఉంటావు. అదే అయి ఉంటుంది. ఇంకేమీ అయి ఉండదు.

ఎనభై తొమ్మిది కూడా ఖాయమైన లెక్క కాదట. అది సగటు. ఒక్క అణువు ఇంకా మిగిలి ఉండొచ్చని మేడమ్ అంది. నీకు ఒక్కటి చాలదా? చల్లుతూ ఉండు. నా తప్పు లెక్క పట్టుకుని ఎవరినీ లోపలికి రానివ్వకు, ఎవరితోనూ ఏ మాటా ఒప్పుకోకు. నేనొచ్చాక అన్నీ చూసుకుందాం.

శనివారం బల్దొవీనో ఇది నీ చేతికే ఇవ్వాలని కవరు మీద పెద్ద అక్షరాలతో రాశాను. పంతొమ్మిదిన రేవుకి రా. నడుం నొప్పిగా ఉంటే రాకు, ఎవరినైనా పంపు. పెట్టె బరువుగా ఉంటుంది.

నీ నెల్దా